నీళ్ళు నిలువుగా పడే బడి

సోమవారం

కేబులు బాగుంది. బ్రేకు కీచుమంటోంది, నూనె వేశాను. పొద్దుటి పాళీలో పనివాళ్ళు కిందికి, చెత్త బుట్టలు పైకి. మూడో ఆకు లిఫ్టు దినచర్యలో ఇంతవరకే రాయమని ఆఫీసువాళ్ళ ఆర్డరు. మిగిలింది నా సొంతం. నాకు చదువు పెద్దగా రాదు, ఇది రాయడానికి సరిపడా వచ్చు. ఎవరైనా చదువుతారేమోనన్న భయం లేదు. బ్రేకు మార్చమని ఇందులోనే ఎన్నిసార్లో రాశాను, ఎవడూ రాలేదు.

రత్నం మళ్ళీ తప్పింది.

నూకరత్నం నా మనవరాలు, నా కూతురు గవరమ్మ బిడ్డ. ఎనిమిదేళ్ళు. అంచు బడిలో చేరడానికి ఎనిమిదేళ్ళే ఆఖరు. నిరుడు ఒకసారి తప్పింది, ఇవాళ ఇంకోసారి. నెలాఖరున మరొక్క అవకాశం ఇస్తారట. అదీ పోతే మా ఇరుసు బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తరవాత వాళ్ళమ్మలాగా గోడల వెనక దూరి వైర్లు లాగాలి. వైర్లు లాగడం తక్కువ పని అని నేననను. ఆ పని ఆగితే అంచులో ఒక్క దీపం వెలగదు. కాని పిల్ల ఇంకో పని చేస్తానంటే ఆ తలుపు తెరిచి ఉండాలి కదా.

చదవమన్నారు, చదివింది. లెక్కలిచ్చారు, అన్నీ చేసింది. ఆఖరున చేతి నిదానం పరీక్ష అన్నారు. గ్లాసు నేల మీద పెట్టుకుని, భుజమెత్తు నుంచి కూజాతో నీళ్ళు పొయ్యాలి. రత్నం గ్లాసును జానెడు పక్కకి జరిపి పెట్టి, పోసింది. గ్లాసులో ఒక్క చుక్క పడలేదు. నేలంతా నీళ్ళు. కుర్చీలో కూర్చున్న పంతులు నవ్వలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 'చేతికి నిదానం చాలదు' అని రాసుకున్నాడు, అంతే.

మా దగ్గర నీళ్ళు అలాగే పడతాయి మరి. మా ఊరు ఆకాశంలో బండిచక్రంలాగా తిరుగుతూ ఉంటుంది. నడుమ నుంచి అంచుదాకా ఆకులు, ఒక్కో ఆకులో ఒక్కో లిఫ్టు. అంచున ఉన్నవాళ్ళకి పూర్తి బరువు. అక్కడ పోసిన నీళ్ళు నిలువుగా దిగుతాయి. నడుమ ఇరుసు చుట్టూ కాపురమున్న మాకు నూటికి పాతిక బరువే. ఏది వదిలినా పక్కకి వంగి పడుతుంది. మా పిల్లలు నడక రాకముందే గ్లాసు పక్కకి పెట్టడం నేర్చుకుంటారు. రత్నం చెయ్యి తప్పు చెయ్యలేదు. పెరిగిన చోట ఎలా పొయ్యాలో అలా పోసింది.

ఇంటికి వచ్చేదాకా లిఫ్టులో పిల్ల తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని మూలన నిలబడింది.

మంగళవారం

కేబులు బాగుంది.

మధ్యాహ్నం పాళీ మార్చుకుని అంచు బడికి వెళ్ళాను. మోకాళ్ళకి పట్టీలు బిగించుకుంటే తప్ప ఆ బరువులో నడవలేను. నడవాలో పిల్లలు పక్కకి తప్పుకుని చూశారు. మూడు తరాలు పాతిక బరువులో పుట్టి పెరిగామేమో, మేము పొడుగ్గా, సన్నగా ఉంటాం. ఎవరు ఎక్కడివాళ్ళో అర కిలోమీటరు దూరం నుంచే తెలిసిపోతుంది. మమ్మల్ని వాళ్ళ పిల్లలు ఊచకాళ్ళు అంటారు. ఈ చక్రానికి ఒక్కో ఊచా బిగించింది ఆ కాళ్ళవాళ్ళేనని వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పెద్ద మేడం పేరు వాగ్దేవి. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు ఇప్పించింది. నేను దారిపొడుగునా కూడబలుక్కుని వెళ్ళిన మాటలన్నీ చెప్పాను. నీళ్ళు ఎందుకు వంగుతాయో, మా పిల్లలు గ్లాసు ఎక్కడ పెడతారో, అది తెలివితక్కువ కాదని, అలవాటని. ఆవిడ అంతా విని తల ఊపింది.

"తెలుసండీ తవిటయ్యగారూ. ఆ పరీక్ష పెట్టినవాళ్ళకీ తెలుసు. కాని పాప చదవాల్సింది ఇక్కడ కదా. రేపు ప్రయోగాల గదిలో యాసిడ్ పొయ్యాలి. పాప మంచికేనండీ."

తెలియక చేస్తున్నారనుకుని వెళ్ళాను. తెలియనివాళ్ళకయితే చెప్పొచ్చు. తెలిసి కూర్చున్నవాళ్ళకి ఏం చెప్పాలి?

నేను వయసులో ఉన్నప్పుడు ఆ బడి గుమ్మం మీద 'అంచు పిల్లలకు మాత్రమే' అని బోర్డు ఉండేది. దాని కోసం కొట్లాడాం. చాలామంది పనులు పోయాయి. ఉమ్మడి బడి చట్టం వచ్చిన రోజున ఆ బోర్డుకి స్క్రూలు తీసినవాణ్ణి నేనే. ఇప్పుడు బోర్డు లేదు. గ్లాసు ఉంది.

రాత్రి అన్నం దగ్గర గవరమ్మకీ నాకూ గొడవ పడింది. దానికి అంచు బడి అంటేనే గిట్టదు.

"మన బడిని బాగుసెయ్యమని అడగవేటి, అయ్యా? ఆళ్ళ గుమ్మం కాడ ఎన్నాళ్ళు నిలబడతావు?"

"ఆళ్ళ పిల్లలు లేని గదిలో ఆళ్ళు తెర ఎందుకు మారుస్తారే?" అన్నాను.

మా బడి అంటే ఒక గది, ఒక తెర. ఆ తెరలోంచి ఒక మనిషి బొమ్మ పాఠం చెబుతుంది. పిల్లలు ఏమైనా అడిగితే మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. సగం రోజులు అదీ మిణుకుమిణుకుమంటుంది. గవరమ్మ అందులోనే చదివింది. అందుకే దానికి మన బడి బాగుపడాలని. అందులోనే చదివింది కాబట్టే నాకు మనవరాలు అక్కడ కూర్చోకూడదని. ఇద్దరం గొంతు పెంచాం. కంచం వదిలేసి లేచాను.

శుక్రవారం

బ్రేకు ఇంకా కీచుమంటోంది. లిఫ్టు నేల తడిగా ఉందని పర్యవేక్షణకి వచ్చినవాడు అడిగాడు. పైపు కారుతోందని చెప్పాను. పైపు లేదు. రత్నం ఉంది.

అంచులో ఊరికే తిరగడానికి మాకు పాసు ఇవ్వరు. పనుంటేనే ఇస్తారు. కాని నా లిఫ్టు సరుకు ఎక్కేదాకా కింద ఆగుతుంది. తలుపు దాటితే అంచు. దాటకపోతే నా లిఫ్టే. కాని బరువుకి తలుపుతో పనేముంది? పూర్తి బరువు లోపలికి కూడా వస్తుంది. అందుకని కూజా, గ్లాసు తెచ్చి, తలుపు మూసి, పిల్లచేత నీళ్ళు పోయిస్తున్నాను.

మొదట నేను పోసి చూపిద్దామనుకున్నాను. నా పాదాల మీద పోసుకున్నాను. ఇన్నేళ్ళుగా రోజూ ఇక్కడికి దిగుతున్నవాణ్ణి, కింద ఏనాడూ నీళ్ళు పొయ్యవలసిన అవసరం రాలేదు. రత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకోవే, నవ్వుకో అన్నాను.

పిల్లకి కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికెళ్ళాక గవరమ్మ వేణ్ణీళ్ళ కాపడం పెడుతోంది. పెడుతూ నా వైపు చూడటం లేదు.

బుధవారం, తరవాతి వారం

మాట ఎలా పాకిందో, ఇవాళ లిఫ్టులో ముగ్గురు పిల్లలు ఎక్కువ. ఒకడు మా పక్కింటి సోములు కొడుకు. సోములు నన్ను మావా అంటాడు, చుట్టరికం లేకపోయినా. పిల్లలకి పోటీ పెట్టాను. చుక్క ఒలికితే వాళ్ళే తుడవాలి. తుడిచే గుడ్డ చాలక నా తువ్వాలు ఇచ్చాను.

రత్నానికి వచ్చేసింది. కళ్ళు మూసుకుని పోసినా గ్లాసులోనే పడుతున్నాయి.

కాని ఇంటి దగ్గర అన్నం వడ్డిస్తూ చారు నా ఒళ్ళో పోసింది. వీధిలో ఆటకి వెళ్తే బంతి ఒక్కటీ పట్టలేకపోయిందట. తోటి పిల్లలు అంచుపిల్ల, అంచుపిల్ల అని వెంటపడ్డారట. ఏడుస్తూ వచ్చింది. గవరమ్మ దాని మొహం కడిగి లోపలికి తీసుకెళ్ళింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నెలాఖరు, గురువారం

నలుగురూ నెగ్గారు. రత్నం గ్లాసు అంచుదాకా నింపింది, నేల మీద చుక్క లేదు. అదే పంతులు. ఈసారి రాసుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు.

పైకి వస్తుంటే లిఫ్టంతా అరుపులు. నేను కూడా. కేబులు, బ్రేకు చూడలేదు. రేపు చూస్తాను.

సోమవారం

బడికి మొదటి రోజు. గుమ్మం దాకా నేనే దింపాను. సరుకు ఎక్కేలోపు టైముందని నడవాలోకి వెళ్ళి అద్దంలోంచి చూశాను. ఎనిమిదేళ్ళ పిల్లల తరగతి పెద్ద గది. గుండ్రటి బల్లలు, మధ్యలో తిరుగుతూ పాఠం చెప్పే ప్రాణమున్న పంతులమ్మ. పిల్లలు అడుగుతున్నారు, ఆవిడ చెబుతోంది. మావాళ్ళు ఒక్కరూ లేరు అందులో.

వెతికితే నడవా చివర చిన్న గదిలో కనిపించారు. తలుపు మీద 'అలవాటు తరగతి' అని ఉంది. నాలుగు కుర్చీలు, ఒక తెర. తెరలో మా ఇరుసు బడిలో ఉన్న బొమ్మే. అదే గొంతు, అదే పాఠం. ఒక్క తేడా ఏమిటంటే, ఇక్కడ మిణుకుమనడం లేదు.

వాగ్దేవిగారి గదికి వెళ్ళాను. ఇక్కడి పద్ధతులు అలవాటయ్యేదాకానే అంది. ఎన్నాళ్ళు అంటే, ఒక్కొక్క బిడ్డనీ బట్టి అంది. ఎవరు చూసి చెబుతారు అంటే, మేమే చూస్తామండీ అంది. కోపంగా చెప్పి ఉంటే దెబ్బలాడేవాణ్ణి. ఆవిడ కాఫీ తాగుతారా అని అడిగింది.

శనివారం, రెండో నెల

కేబులు బాగుంది. నేను బాగాలేను.

చిన్న గది చిన్న గదిగానే ఉంది. మన పిల్లల్ని పెద్ద గదిలో కూర్చోబెట్టేదాకా మనమంతా వెళ్ళి నడవాలో కూర్చుందాం అని తల్లిదండ్రులని పిలిచాను. సోములు తల గోక్కున్నాడు.

"మావా, ఉన్నదాన్ని సెడగొట్టకు. పేరైతే ఎక్కింది కదా."

ఆ పేరు ఎక్కడ ఎక్కిందో చూశావా అన్నాను. గుమ్మంలోపల ఎక్కింది, అది చాలదా అన్నాడు. మిగతావాళ్ళూ అదే. ఒకాయన, నువ్వు ముసిలోడివి, నీకు కోపం తప్ప పనేముంది అన్నాడు. ఎవరూ రాలేదు. రత్నం మాత్రం రోజూ సాయంత్రం ఒకటే మాట చెబుతోంది, పెద్ద గదిలో ఇవాళ ఏ పాఠం చెప్పారో గోడకి చెవి పెట్టి విన్నానని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టదు.

ఇవాళ వాళ్ళ పిల్లలు పైకి వచ్చారు. ప్రతి శనివారం వస్తారు, ఎగురుడు ఆటకి. మా దగ్గర పాతిక బరువు కదా, గెంతితే ఇద్దరు మనుషుల ఎత్తు లేస్తారు. దానికోసం మా మైదానంలో వాళ్ళకో పూట. వచ్చిన ప్రతిసారీ గోడలకి గుద్దుకుంటారు, విసిరిన బంతి ఎక్కడికో పోతుంది, తాగబోయిన నీళ్ళు చొక్కా మీద పడతాయి. మావాళ్ళు పరుగెత్తి పట్టుకుంటారు, కట్టు కడతారు, వారం తిరగ్గానే మళ్ళీ రమ్మంటారు. ముందు అలవాటు చేసుకుని రండి అని ఇరుసులో ఎవరూ వాళ్ళ మొహాన అనలేదు.

ఇన్నేళ్ళు వాళ్ళని మోస్తూ ఇది నా బుర్రకి తట్టలేదు. ఇవాళ తట్టింది.

శనివారం, ఆ పై వారం

ఆటకి వచ్చే అంచు పిల్లల్ని పైకి తెచ్చాను. తలుపు తియ్యలేదు. కూజా, గ్లాసు నేల మీద పెట్టాను. లిఫ్టులో పద్దెనిమిదిమంది పిల్లలు, వాళ్ళ ఆటల మాస్టారు.

భుజమెత్తు నుంచి గ్లాసులో పొయ్యండి, పోసినవాళ్ళు దిగొచ్చు అన్నాను.

మొదటి పిల్లాడు గ్లాసు సరిగ్గా కూజా కింద పెట్టి పోశాడు. నీళ్ళు నెమ్మదిగా వంగి మాస్టారి బూట్లలో పడ్డాయి. పిల్లలంతా విరగబడి నవ్వారు. వరసగా అందరూ పోశారు. ఒక్కరికీ పడలేదు. భయపడినవాడు ఒక్కడూ లేడు. నాకింకోసారి, నాకింకోసారి అని కూజా లాక్కున్నారు. మాస్టారొక్కడే ఎర్రబడిపోయాడు. తలుపు తియ్యమన్నాడు. నేను ఆ మేడం గొంతుతోనే చెప్పాను.

"ఇంకా తయారుగా లేరండీ. పై ఏడాది రండి. పిల్లల మంచికే."

కిందికి దించేశాను.

ఆ పూట నాకు కలిగిన ఆనందం ఇక్కడ రాస్తున్నాను. రేపు వచ్చేది కూడా తెలుసు.

మంగళవారం

కేబులు బాగుంది. ఆఫీసులో విచారణ జరిగింది. వాగ్దేవి మేడం వచ్చింది, ఆటల మాస్టారు వచ్చాడు, లిఫ్టుల పెద్ద ఆఫీసరు కూర్చున్నాడు. మావైపు నుంచి నేనొక్కణ్ణే వెళ్ళాను. లోపలికి వెళ్ళి చూస్తే వెనక బెంచీ మీద గవరమ్మ కూర్చుని ఉంది, పనిబట్టలతోనే. నేను రమ్మనలేదు.

మేడం మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది.

"పిల్లల్ని లోపల ఉంచి పావుగంట తలుపు వేశారు తవిటయ్యగారూ. ఇది చిన్న విషయం కాదు."

"మా పిల్లల్ని రెండు నెల్ల నుండి లోపలెట్టి తలుపేసినారు మీరు. అది సిన్న ఇసయమా, మేడం?"

ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. అది వేరే సంగతి అన్నాడు. రెండూ ఒకటే అన్నాను. వేరే అని ఆయన మళ్ళీ అన్నాడు, నేను మళ్ళీ అన్నాను. ఇలా కాసేపు జరిగింది. చివరికి తీర్పు చెప్పారు. ఎవరికీ ఎక్కడా నీళ్ళ పరీక్ష ఉండదు, అది సమానంగా ఎత్తేశారు. ఆటల పిల్లలు ఇకనుంచి వేరే ఆకు లిఫ్టులో వస్తారు. పై సోమవారం నుంచి మూడో ఆకు లిఫ్టుకి కొత్త మనిషి వస్తాడు. అలవాటు తరగతి పరీక్ష కాదు కాబట్టి అది ఉంటుంది.

సమానం అన్న మాట ఆయన నోట మూడుసార్లు వచ్చింది.

బయటికి వస్తుంటే గవరమ్మ నా మోకాలి పట్టీ వదులైందని చూసి, వంగి బిగించింది. రాత్రి రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. నేను అడగలేదు.

శుక్రవారం

ఈ లిఫ్టులో పిల్లలని దింపడం నాకు ఇవాళే ఆఖరు. కొత్త మనిషికి బ్రేకు సంగతి చెప్పాను.

పొద్దున పిల్లలని దింపాను. బడి గుమ్మం దాటి నడవాలోకి వెళ్ళాక మిగతా ముగ్గురూ ఎప్పటిలాగే చివరి గది వైపు తిరిగారు. రత్నం తిరగలేదు. పెద్ద గదిలోకి వెళ్ళి, ఖాళీ కుర్చీ లేకపోతే వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పొడుగు పిల్ల కదా, అందరికీ కనబడుతోంది. ఆ బరువులో నిలబడటం దానికెంత కష్టమో నాకు తెలుసు. నేను గుమ్మంలో ఆగిపోయాను.

పంతులమ్మ నా వంక చూసింది, పిల్ల వంక చూసింది. హాజరు మొదలుపెట్టింది. ఒక్కో పేరూ పిలిచింది, ఒక్కొక్కరూ పలికారు. ఆఖరు పేరు అయిపోయింది. ఆవిడ తల ఎత్తేలోపు వెనక నుంచి రత్నం గొంతు వినబడింది.

"నూకరత్నం. వచ్చానండీ."

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. పంతులమ్మ వయసులో చిన్నదే, గవరమ్మ కంటే చిన్నది. మెల్లగానే అంది.

"నీ తరగతి ఇది కాదు కదమ్మా."

"ఎనిమిదేళ్ళ పిల్లల తరగతి ఇదేనని మా అమ్మ చెప్పిందండీ. నాకు ఎనిమిది."

ఆవిడ తలుపు వైపు చూసింది, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తారేమోనని. నేను తప్ప ఎవరూ లేరు. ముందు వరసలో ఒక పిల్లాడు, మొన్న మాస్టారి బూట్లలో నీళ్ళు పోసినవాడే, తన కుర్చీలో సగం పక్కకి జరిగాడు. ఆవిడ వాడిని చూసింది.

"సరే, ఈ రోజుకి కూర్చో."

రత్నం వెళ్ళి కూర్చుంది. పాఠం మొదలైంది. లిఫ్టు గంట మోగుతున్నా నేను కదల్లేదు. సరుకువాళ్ళు తిట్టుకుని ఉంటారు, తిట్టుకోనీ.

ఈ రోజుకి అంది ఆవిడ. అంటే సోమవారం మళ్ళీ ఆ గోడకి ఆనుకుని నిలబడాలి, మళ్ళీ తన పేరు తనే చెప్పుకోవాలి. మంగళవారం కూడా. మేడంకి తెలిశాక ఆ పంతులమ్మని పిలిపిస్తారు, కొత్త కాగితం ఏదో పుట్టిస్తారు. మిగతా ముగ్గురూ ఇంకా ఆ చిన్న గదిలోనే ఉన్నారు. సాయంత్రం సోములుతో మాట్లాడాను. చూద్దాంలే మావా అన్నాడు. మొన్నటిలా వద్దనలేదు.

అంచు పాసు ఇవ్వాలంటే పని చూపించమంటారు. గవరమ్మ ఇవాళ వైర్ల మేస్త్రీని అడిగి, కింద బడి గోడల్లో పని తన పేరున రాయించుకుంది. సాయానికి ఒక మనిషి కావాలని కూడా రాయించింది. ఆ మనిషిని నేనేనట. సోమవారం నుంచి నాకు లిఫ్టు లేదు కాబట్టి, ఆ తరగతి గుమ్మం దగ్గర నిలబడటానికి రోజంతా తీరికే.